తెర దాటిన విండో



కంప్యూటర్ వాడేవాళ్ళలో చాలామందికి ఏదో ఒక రోజు ఎదురయ్యే చిక్కు గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఏదో ప్రోగ్రాం తెరుస్తారు. విండో వస్తుంది. పైన పేరు, కింద వివరాలు నింపాల్సిన గళ్ళు, అన్నీ బాగానే కనిపిస్తాయి. ఓపిగ్గా అన్నీ నింపుతారు. తీరా చూస్తే ‘ఓకే’ అనే బటన్ ఎక్కడా ఉండదు. నిజానికి ఉంది. విండో తెర కంటే పొడుగైపోయి, బటన్ ఉన్న భాగం కింది అంచు దాటి పోయింది. పైకి జరుపుదామంటే పక్కన స్క్రోల్ బార్ ఉండదు. మౌస్‌తో పట్టుకుని లాగితే విండో తల తెర పై అంచుకు తగిలి ఆగిపోతుంది. కాసేపు తంటాలు పడి, ‘నాకీ కంప్యూటర్లు అచ్చిరావు’ అనుకుని లేచిపోయేవాళ్ళు ఎంతోమంది.

ఆ మాట ఇకమీదట అనుకోవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. ఆ విండో తయారుచేసిన మనిషి తన బల్ల మీదున్న పెద్ద తెరను చూసుకుని కొలతలు వేశాడు. మీ ఇంట్లో ఉన్న తెరను తలుచుకోలేదు. తప్పు అక్కడుంది. దాన్ని దాటే దారి మాత్రం మీ కీబోర్డులోనే ఉంది.

రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు కాబట్టి ఏ కీ ఎక్కడుంటుందో కూడా చెబుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మన దగ్గర ఎక్కువ కంప్యూటర్లలో ఉండేది విండోస్ కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

కీబోర్డు కింది వరసలో పొడుగాటి కీ ఒకటి ఉంటుంది, స్పేస్ బార్. దాని ఎడమ పక్కన ఆల్ట్ అని రాసిన కీ ఉంటుంది. ఆల్ట్‌ను నొక్కి పట్టుకుని, స్పేస్ బార్‌ను ఒక్కసారి నొక్కి, రెండూ వదిలేయండి. విండో ఎడమవైపు పై మూలలో చిన్న జాబితా తెరుచుకుంటుంది. అందులో మూవ్ అనే మాట ఉంటుంది. దానికోసం ఎమ్ అక్షరం నొక్కండి. మౌస్ గుర్తు నాలుగు వైపులా మొనలున్న బాణంగా మారుతుంది. ఇప్పుడు మౌస్‌ను ముట్టుకోకుండా, కీబోర్డులో పైకి చూపించే బాణం కీని నొక్కుతూ పోండి. విండో కొంచెం కొంచెంగా పైకి జరుగుతుంది. దాని తల తెర దాటి కనబడకుండా పోతుంది, కంగారు పడకండి. కింది బటన్ కనిపించగానే ఎంటర్ నొక్కితే విండో అక్కడ నిలబడుతుంది. ఆల్ట్, స్పేస్, ఎమ్, పై బాణం, ఎంటర్. ఇంతే.

జాబితాలో మూవ్ అనే మాట మసకబారి ఉంటే విండో అప్పటికే తెర నిండా పరుచుకుని ఉందన్నమాట. అప్పుడు ముందు ఆర్ అక్షరం నొక్కి రీస్టోర్ చేసి, మళ్ళీ మొదటినుంచి చేయాలి. అదే జాబితాలో సైజ్ అనే మాట కూడా ఉంటే మీ అదృష్టం. ఆ విండోను కుదించవచ్చు. ఎస్ నొక్కి, కింది బాణం ఒకసారి నొక్కితే కింది అంచు చేతికి చిక్కుతుంది. ఆ తర్వాత పై బాణం నొక్కుతూ పోతే విండో పొట్టిదవుతుంది. అసలు ఇలా కుదించడానికి వీలున్న విండో అయితే, విండోస్ గుర్తున్న కీని పట్టుకుని పై బాణం నొక్కినా చాలు, కొలత సరిచేసుకుని తెరలోకి వచ్చి కూర్చుంటుంది. చిక్కంతా కుదించడానికి ఒప్పుకోని విండోలతోనే. సెట్టింగులు అడిగేవి, ప్రింటర్ లాంటివి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చేవి చాలావరకు ఆ బాపతే.

కొన్ని విండోలు పైకి జరిపినా ఎంటర్ కొట్టగానే మళ్ళీ దిగిపోతాయి. వాటికి ఇంకో దారి ఉంది. బటన్‌ను తెర మీదికి తేవాలని పట్టుపట్టకుండా, అది ఉన్నచోటే నొక్కవచ్చు. కీబోర్డు ఎడమ చివర, పైనుంచి మూడో వరసలో ట్యాబ్ అనే కీ ఉంటుంది. దాన్ని నొక్కిన ప్రతిసారీ విండోలో ఒక గడి నుంచి తర్వాతి గడికి, ఒక బటన్ నుంచి తర్వాతి బటన్‌కు వంతు మారుతుంది. చివరి గడి దాటాక వచ్చేది సాధారణంగా కింది బటన్లే. షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే వెనక్కి నడుస్తుంది. అంటే మొదటి గడిలో ఉండగా షిఫ్ట్, ట్యాబ్ నొక్కితే చుట్టు తిరిగి ఆఖరి బటన్ దగ్గరికి చేరవచ్చు.

మరి కనబడని బటన్ మీద వంతు ఉన్నప్పుడు అది ‘ఓకే’ బటనా, ‘క్యాన్సిల్’ బటనా అని ఎలా తెలుస్తుంది? విండోస్‌లో నరేటర్ అనే సదుపాయం ఉంది. విండోస్ కీ, కంట్రోల్ కీ రెండూ పట్టుకుని ఎంటర్ నొక్కితే అది మాట్లాడటం మొదలుపెడుతుంది. ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ మీరు ఏ బటన్ మీద ఉన్నారో పైకి చదివి చెబుతుంది. కావలసిన పేరు వినబడగానే స్పేస్ బార్ నొక్కండి, ఆ బటన్ నొక్కినట్టే. పని అయిపోయాక అవే మూడు కీలు మళ్ళీ నొక్కితే నరేటర్ ఆగిపోతుంది. ఒక్క జాగ్రత్త. డబ్బు కట్టే చోట, ఫైళ్ళు చెరిపేసే చోట పేరు వినకుండా గుడ్డిగా ఎంటర్ కొట్టకండి.

ఈ నరేటర్ మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగి చెప్పాలనిపిస్తోంది. చూపు లేని మిత్రులు కంప్యూటర్ మీద ఉద్యోగాలు చేస్తున్నారు. బ్యాంకుల్లో ఉన్నారు, బడుల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామంది వాడేది నరేటర్ లాంటిదే, ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్. చూపు లేని మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు 2006లో దాన్ని రాయడం మొదలుపెట్టాడు. అది తెలుగు కూడా చదువుతుంది. ఈ పూట మనం చెప్పుకుంటున్న చిక్కు వాళ్ళకు దాదాపు లేదు. బటన్ తెర లోపల ఉందా, బయట ఉందా అన్నది కీబోర్డుకు పట్టదు. చూపున్న మనం మౌస్‌నే నమ్ముకుని, కళ్ళకు కనబడనిదాన్ని చేతికి అందనిదిగా లెక్కేసుకుంటున్నాం. వాళ్ళ కోసం చేసిన ఏర్పాటు ఇక్కడ మనందరినీ గట్టెక్కిస్తోంది.

ఇప్పుడు ఈ విండోలు అసలెందుకు తెర దాటుతాయో చూద్దాం. తెర అంటే చిన్న చిన్న చుక్కల వరసలు, వాటినే పిక్సెళ్ళు అంటారు. 1984లో వచ్చిన మొదటి మాకింటాష్ తెర 512 చుక్కల వెడల్పు, 342 చుక్కల ఎత్తు. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పద్ధతిలో అది 640, 480. ఆ తర్వాత 800, 600. ఇప్పుడు సామాన్యంగా కనిపించే ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 వెడల్పు, 1080 ఎత్తు. కొలతలు పెరుగుతూ వచ్చాయి కదా, ఇక ఇబ్బంది ఏముంది అనిపిస్తుంది. కానీ మధ్యలో తెరలు చిన్నవి కూడా అయ్యాయి. 2007లో ఆసుస్ కంపెనీ ఈఈఈ పీసీ అనే బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఏడు అంగుళాల తెర, ఎత్తు 480 చుక్కలే. అప్పటి ప్రోగ్రాంలలో చాలావాటి విండోలు 600 ఎత్తుకు కొలిచినవి. ఆ ల్యాప్‌టాప్ కొన్నవాళ్ళకు ‘ఓకే’ బటన్ కోసం వెతుకులాట రోజువారీ పని అయిపోయింది.

మన ఊళ్ళలో ఇప్పటికీ విరివిగా ఉన్నవి 1366 వెడల్పు, 768 ఎత్తు ఉన్న ల్యాప్‌టాప్‌లు. తక్కువ ధరవి, సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి ఎక్కువగా ఇవే. దీని మీద ఒక చిన్న లెక్క వేద్దాం. అక్షరాలు చిన్నగా ఉన్నాయని విండోస్‌లో స్కేల్ అనే చోట 125 శాతం పెట్టారనుకోండి. తెర మీద చుక్కలు పెరగవు కదా. ఒక్కో వస్తువు పెద్దదవుతుంది కాబట్టి తెరలో పట్టేది తగ్గుతుంది. 768ని 1.25తో భాగిస్తే 614. అందులో కింద టాస్క్‌బార్‌కు విండోస్ 10లో 40 పోతుంది. మిగిలింది 574. ఇక 600 ఎత్తున్న విండో ఎక్కడ పడుతుంది? కింద తెగిపోయే ఆ కాస్త జాగాలోనే బటన్లన్నీ ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తెర అయినా స్కేల్ 150 పెడితే అది 1280, 720 తెరతో సమానం. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా చిక్కు వదల్లేదేమిటా అని విసుక్కునేవాళ్ళకు జవాబు ఈ భాగహారంలోనే ఉంది.

ఈ లెక్క తెలిసినవాళ్ళు చాలామంది వెంటనే ఇచ్చే సలహా ఒకటుంది, స్కేల్‌ను తిరిగి 100కు తెచ్చేయమని. మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దవి చేయించుకున్నారు. కొత్త ప్రింటర్ కొన్నప్పుడు దాని ఇన్‌స్టాల్ విండోలో ‘నెక్స్ట్’ బటన్ కింద దాగిపోయింది. ప్రింటర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు అరనిమిషంలో స్కేల్ తగ్గించి, బటన్ నొక్కి, ‘అయిపోయింది మాస్టారూ’ అని వెళ్ళిపోయాడు. ప్రింటర్ పనిచేసింది. కానీ అక్షరాలు మళ్ళీ చీమల్లా అయిపోయాయి, వాటిని తిరిగి పెద్దవి చేసే చోటు మాస్టారికి తెలియదు. నెల తిరిగేసరికి ల్యాప్‌టాప్ బీరువా పైకెక్కింది. మనవరాలు సెలవులకు వచ్చి సరిచేసేదాకా అది అక్కడే ఉంది.

దాన్ని రిపేరు అనను. పెద్దవాళ్ళ కళ్ళకు అమర్చినదాన్ని ఒక బటన్ కోసం తీసేసి, తిరిగి పెట్టకుండా వెళ్ళడం అన్యాయం. స్కేల్ తగ్గించక తప్పని సందర్భం వస్తే పాత అంకె ఎంతో ముందు కాగితం మీద రాసుకోండి. పని కాగానే దాన్ని మళ్ళీ పెట్టండి. ఇంట్లో తాతగారికో, అమ్మమ్మగారికో కంప్యూటర్ సరిచేసే పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

స్కేల్ జోలికి పోకుండా అక్షరాలు పెంచే పద్ధతి కూడా ఉంది. విండోస్ కీ పట్టుకుని ఐ నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అందులో యాక్సెసిబిలిటీ అనే భాగం, విండోస్ 10లో దాని పేరు ఈజ్ ఆఫ్ యాక్సెస్. అక్కడ టెక్స్ట్ సైజ్ అనే జారుడు మీట ఉంటుంది. అది అక్షరాల్ని మాత్రమే పెంచుతుంది, మిగతా వస్తువుల్ని అంతగా కదిలించదు. 225 శాతం దాకా పోవచ్చు. ఇక అప్పుడప్పుడు ఏదో ఒక ముక్క చదవడానికే ఇబ్బంది అయితే, విండోస్ కీతో పాటు ప్లస్ గుర్తు నొక్కండి, భూతద్దం తెరుచుకుంటుంది. విండోస్ కీ, ఎస్కేప్ కీ నొక్కితే మూసుకుంటుంది.

ఒకే ఒక్క ప్రోగ్రాం సతాయిస్తుంటే, మిగతావన్నీ బాగుంటే, వైద్యం దానికే చేయాలి. ఆ ప్రోగ్రాం గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, కంపాటిబిలిటీ అనే చోట ‘చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్’ తెరవండి. కింద ఓవర్‌రైడ్ అని ఉన్న గడిలో టిక్ పెట్టి, దాని కింద ‘అప్లికేషన్’ అని ఎంచుకోండి. ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరిస్తే, చాలా పాత ప్రోగ్రాంల విండోలు కుదించుకుని తెరలో పడతాయి. అక్షరాలు కూడా చిన్నవవుతాయి గానీ ఆ ఒక్కదానిలోనే.

ఏదీ కుదరనప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉపాయం ఒకటి ఉంది. తెరను నిలువుగా తిప్పేయడం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో ఓరియెంటేషన్ దగ్గర పోర్ట్రెయిట్ అని ఎంచుకుంటే తెర మీద బొమ్మంతా పక్కకు తిరుగుతుంది. ల్యాప్‌టాప్‌ను పుస్తకంలా నిలబెట్టుకోండి. 768 ఉన్న ఎత్తు ఇప్పుడు 1366 అయింది. ఎంత పొడుగు విండో అయినా పట్టేస్తుంది. మార్పు ఉంచాలా అని కంప్యూటర్ అడుగుతుంది. మీరు జవాబు చెప్పకపోతే 15 సెకన్లలో తనంతట తనే మామూలు స్థితికి వచ్చేస్తుంది, కాబట్టి పాడైపోతుందన్న భయం అక్కర్లేదు. ‘ఓకే’ నొక్కడం అయ్యాక మళ్ళీ ల్యాండ్‌స్కేప్‌కు మార్చుకోండి.

ఇంట్లో టీవీని కంప్యూటర్‌కు తగిలించుకునేవాళ్ళకు ఇలాగే కనిపించే వేరే ఇబ్బంది వస్తుంది. అక్కడ అన్ని విండోలూ నాలుగు వైపులా కాస్త కాస్త తెగిపోతాయి. టాస్క్‌బార్ కూడా సగమే కనిపిస్తుంది. ఇది కంప్యూటర్ చేసే పని కాదు. పాత డబ్బా టీవీల్లో బొమ్మ అంచులు సరిగ్గా వచ్చేవి కావు కాబట్టి, బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచుల్ని చట్రం వెనక దాచేవారు. ఆ అలవాటు పలచటి టీవీల్లోకి కూడా వచ్చేసింది. టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజ్ అనే చోటికి వెళ్ళి, స్క్రీన్ ఫిట్ అనో జస్ట్ స్కాన్ అనో ఉన్నదాన్ని ఎంచుకుంటే అంచులు తిరిగొస్తాయి. కంపెనీని బట్టి పేరు మారుతుంది.

రెండో మానిటర్ తీసేశాక విండో ఎక్కడో తప్పిపోతే, విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం గానీ కుడి బాణం గానీ నొక్కండి, ఉన్న తెర మీదికి వచ్చేస్తుంది. వెబ్‌సైట్ పేజీ పట్టకపోతే కంట్రోల్ పట్టుకుని మైనస్ నొక్కితే చాలు. తిరిగి మామూలుకు రావాలంటే కంట్రోల్, సున్నా. లైనక్స్ వాడే విద్యార్థులకు పని ఇంకా తేలిక. ఆల్ట్ కీ పట్టుకుని, గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే విండోస్ కీ పట్టుకుని, విండోను మధ్యలో ఎక్కడైనా మౌస్‌తో పట్టి పైకి లాగేయవచ్చు. దాని తల తెర దాటిపోయినా అడ్డు చెప్పదు.

ఇక చివరి మాట ప్రోగ్రాంలు రాసేవాళ్ళతో. హైదరాబాదులోను, బెంగళూరులోను, అమెరికాలోను ఈ పనిలో ఉన్న తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఈ ప్రసంగం వింటున్న ఇళ్ళలో వాళ్ళ అమ్మానాన్నలు ఉన్నారు. విండోస్ విస్టా, విండోస్ 7 ఉన్న రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ డెవలపర్ల కోసం రాసిన మార్గదర్శకాల్లో, ఏ విండో అయినా 800, 600 తెరలో పట్టి తీరాలని ఉంది. వెబ్‌సైట్ల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణాలు, అక్షరాలు 200 శాతం పెంచినా పేజీలో ఏ పనీ ఆగిపోకూడదంటాయి. నియమాలు లేక కాదు, పాటించక వచ్చిన తిప్పలివి.

తెలుగులో విండోలు తయారుచేసేవాళ్ళకు ఈ నియమాలు మరీ ముఖ్యం. మన లిపి ఎత్తు ఎక్కువ అడుగుతుంది. ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద ట వత్తు, దాని వెంట ర వత్తు. పైన గుడులు, తలకట్లు. ఇంగ్లీషు వరసకు కొలిచిన గడిలో వత్తులు తెగిపోతాయి. వరసల మధ్య జాగా పెంచితే విండో పొడుగవుతుంది, బటన్ కిందికి జారుతుంది. అందుకే బటన్లను విండోతో పాటు కిందికి పోనివ్వకుండా ఎప్పుడూ కనిపించే చోట నిలపండి. గళ్ళు ఉన్న భాగానికి మాత్రం స్క్రోల్ బార్ ఇవ్వండి. విండోను కుదించుకునే వీలు ఇవ్వండి. ఇవేమీ కొత్త విద్యలు కావు.

మీ ప్రోగ్రాం జనం చేతికి ఇచ్చేముందు, మీ పెద్ద మానిటర్ పక్కకు నెట్టి, 1366, 768 ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒకటి తెప్పించుకోండి. స్కేల్ 150 పెట్టండి. మీ అమ్మగారినో నాన్నగారినో పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఓకే’ బటన్ నొక్కమనండి. వాళ్ళకు అది కనబడేదాకా ప్రోగ్రాం పూర్తయిందని అనకండి.

శ్రోతలకు కూడా ఒక విన్నపం. ఈరోజే, ఏ చిక్కూ లేని సమయంలో, ఏదో ఒక చిన్న విండో తెరిచి ఆల్ట్, స్పేస్, ఎమ్ నొక్కి, బాణం కీలతో దాన్ని ఒకసారి అటూ ఇటూ జరిపి చూడండి. చేతికి ఒకసారి అలవాటైతే అవసరం పడ్డప్పుడు ఎవరినీ పిలవనక్కర్లేదు.